దివిసీమ మనిషిని చదవాలంటే జానెడు ఎత్తు లెక్క తెలియాలి

మీరు అడిగింది ఇదీ: మీ తాతయ్యగారికి 76 ఏళ్ళు. పుట్టి పెరిగింది దివిసీమలో, 30 ఏళ్ళ క్రితం హైదరాబాద్ వచ్చేశారు. ఆయన జీవితం రాద్దామని కూర్చుంటే కొన్ని అలవాట్ల దగ్గర ఆగిపోయారు. ఎంత వానకీ కదలని మనిషి, రాత్రి గాలి వాలు మారితే మాత్రం లేచి కూర్చుంటారు. బియ్యం డబ్బా గానీ కాగితాల పెట్టె గానీ నేల మీద పెట్టనివ్వరు. ఏ ఊరు వెళ్ళినా ముందు గుక్కెడు నీళ్ళు నోట్లో పోసుకుని చప్పరించి చూస్తారు. ఒక నేల, ఒక సముద్రం మనిషిని ఇంతగా మలుస్తాయా అని మీ సందేహం.

మలుస్తాయండీ. నేనూ అక్కడివాణ్ణే, నాగాయలంక వైపు. నీటిపారుదల శాఖలో 34 ఏళ్ళు పనిచేశాను, అందులో ఎక్కువ కాలం కృష్ణా తూర్పు డెల్టా శివారు ఊళ్ళలోనే. కాలువ గట్ల మీద నడవడం, తూముల దగ్గర రైతులతో మాట్లాడటం, డంపీ లెవెల్ అనే పరికరం పెట్టి నేల ఎత్తుపల్లాలు కొలవడం నా పని. మీ తాతయ్యగారిని నేను చూడలేదు. కానీ మీరు రాసిన మూడు అలవాట్లూ మా నాన్నకు ఉండేవి, మా ఊళ్ళో సగం మందికి ఉండేవి. ఆ మూడింటినీ ఒకే లెక్క కలుపుతుంది. అది ఎత్తు లెక్క.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య చిక్కుకున్న నేలే దివిసీమ. అవనిగడ్డ, మోపిదేవి, కోడూరు, నాగాయలంక, చివరికి నది సముద్రంలో కలిసే హంసలదీవి. మొత్తం నది తెచ్చి పోసిన ఒండ్రు మట్టే, రాయి అనేది కనపడదు. సముద్రం దగ్గరి ఊళ్ళలో చాలా చోట్ల నేల సముద్ర మట్టానికి రెండు మూడు మీటర్లకు మించి ఎత్తు ఉండదు. పైనుంచి చూస్తే పళ్ళెంలా ఉంటుంది. అక్కడ పుట్టినవాడికి మాత్రం అది పళ్ళెం కాదు. ఏ చేను మెరక, ఏ చేను పల్లం, ఏ వీధిలో వాన నీళ్ళు ముందు నిలుస్తాయి, ఏ గట్టు మీద సైకిలు దిగకుండా పోవచ్చు, ఇవన్నీ కాళ్ళకు తెలుసు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కోడూరు వైపు ఒక మురుగు కాలువకు లెవెల్స్ తీస్తున్నాం. కిలోమీటరు దూరం నడిచినా స్టాఫ్ (అంకెలున్న కొలత కర్ర) మీద రీడింగు బెత్తెడు మారడం లేదు. పక్క చేలో కలుపు తీస్తున్న ఒక పెద్దాయన కాసేపు చూసి, "ఆ తుమ్మచెట్టు అవతల జానెడు పల్లం ఉంటదండీ, అక్కడ పెట్టి చూడండి" అన్నాడు. పెట్టి చూశాం. 21 సెంటీమీటర్ల పల్లం. జానెడంటే అంతే కదా! మాకు మిషను, మూడు కాళ్ళ స్టాండు, పుస్తకం ఉన్నాయి. ఆయనకు ఆ చేలో 50 ఏళ్ళు నిలిచిన నీళ్ళు ఉన్నాయి. ఆ రోజు నుంచి ఏ ఊళ్ళో పని మొదలుపెట్టినా ముందు ఒక ముసలి రైతును వెతుక్కుని, ఆ తర్వాతే లెవెల్ బయటికి తీసేవాణ్ణి.

ఆ జానెడే పంటను తేలుస్తుంది. మా వైపు సార్వా (వానాకాలం) వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు ఇంకా నిలబడి ఉండగానే, తడి నేలలో మినుములు చల్లుతారు. వరి కోసేసరికి కింద మొలక వచ్చి ఉంటుంది. తర్వాత చాలా చేలల్లో ఒక్క తడి కూడా పెట్టరు. నేలలో మిగిలిన పదునుతో, రాత్రి కురిసే మంచుతో పండుతుంది. జానెడు పల్లం ఉన్న చోట విత్తనం కుళ్ళిపోతుంది, జానెడు మెరక ఉన్న చోట పదును ఆరిపోయి మాడుతుంది. ఒకే ఎకరంలో మూడు రకాల పంట కనిపిస్తుంది. చిన్నప్పుడు మా నాన్న చేలోకి దిగి చెప్పులు విప్పి, మడమతో ఒక్క నొక్కు నొక్కి, "ఇవాళ కాదు, ఎల్లుండి చల్లుదాం" అనేవాడు. మీ తాతయ్యగారు మీ ఫ్లాట్‌లో చెప్పులు లేకుండా నడుస్తూ ఉంటే, ఎప్పుడైనా పార్కులో గడ్డి మీద మడమతో నొక్కి చూస్తూ ఉంటే, అది ఇదే.

ఇక నీళ్ళ సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దివిసీమ బతుకంతా తీపి నీటికీ ఉప్పు నీటికీ మధ్య గీత మీదే నడిచింది.

కృష్ణకు బెజవాడ దగ్గర మొదటి ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. 1952లో అది దెబ్బతిన్నాక దానికి బదులుగా కట్టిందే ప్రకాశం బ్యారేజి, 1957 నాటికి సిద్ధమైంది. మీ తాతయ్యగారికి అప్పుడు ఏడెనిమిదేళ్ళు. ఆ బ్యారేజి దగ్గర వదిలిన నీరు తూర్పు డెల్టా కాలువల్లో ఊళ్ళన్నీ దాటుకుని, పులిగడ్డ దగ్గర అక్విడక్టు మీదుగా నది పాయను దాటి దివిసీమలోకి వస్తుంది. అంటే వరసలో చివరివాళ్ళం మేము. పైవాళ్ళ చేలు తడిసి, మిగిలితే మాకు. మాటల్లో "శివారు" అంటారు. శివారు రైతుకు నీళ్ళు వంతులవారీగా వస్తాయి, ఆ వంతు అర్ధరాత్రి కూడా రావచ్చు. బోదెలో, అంటే చేలోకి నీళ్ళు తెచ్చే చిన్న కాలువలో, నీటి చప్పుడు సన్నగిల్లితే పైన ఎవరో అడ్డం కట్టారని అర్థం. నిద్రలో ఆ చప్పుడు ఆగగానే లాంతరు పట్టుకుని లేచిన మనుషుల మధ్య పెరిగాం మేము. పడుకున్నా చెవి పడుకోదు.

అడుగున భూమిలో నీళ్ళున్నాయి కదా, బోరు వేసుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. తీరంలో అలా కుదరదు. ఇసుక దిబ్బల కింద వాన నీరు ఉప్పు నీటి మీద తేలుతూ ఉంటుంది, తీపి నీరు తేలిక, ఉప్పు నీరు బరువు కాబట్టి. లెక్క ఏమిటంటే, సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మందం తీపి నీరు నిలిస్తే, కింద సుమారు 40 అడుగుల లోతు దాకా తీపి నీరే ఉంటుంది. వినడానికి బాగుంటుంది. తిరగేసి చూడండి: మోటారు పెట్టి ఎక్కువ తోడేసి పైన ఒక్క అడుగు తగ్గించామా, నిలకడ మీద కింద నుంచి ఉప్పు నీరు 40 అడుగులు పైకి వస్తుంది. అందుకే పాతవాళ్ళు దిబ్బలో లోతుగా తవ్వేవారు కాదు. చేత్తో ఇసుక తోడి మూడు నాలుగడుగుల చెలమ తీసి, ఊరిన నీటిని కొబ్బరి చిప్పతో ముంచి కడవలో పోసుకునేవారు. మా అమ్మ ముంచిన మొదటి చిప్ప ఎప్పుడూ పారబోసేది, రెండోది నాలుక మీద వేసుకునేది. ఎండలు ముదిరితే ఒక చెలమ చవ్వగా మారేది, వెంటనే దాన్ని పూడ్చేసి పది బారల అవతల ఇంకోటి తీసేవాళ్ళు. ఉప్పుగా మారిన నీళ్ళు పశువులు తాగితే పాలు తగ్గుతాయి, నారుమడికి పెడితే ఆకు కొస ఎర్రబడుతుంది. ఇంటి ఆడవాళ్ళ నాలుకే పరీక్ష.

మీ తాతయ్యగారు నీళ్ళు చప్పరించేది ఇందుకే. ఆయన రుచి చూడటం లేదు, ఆ ఊరు ఎంతకాలం బతుకుతుందో చూస్తున్నారు.

సముద్రం గురించి చెప్పేముందు కోడు గురించి చెప్పాలి. మా వైపు సముద్రంలోకి పోయే చిన్న పాయను కోడు అంటారు. లింగన్నకోడు, రత్నకోడు, ఇలా పేర్లుంటాయి. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకు ఉప్పు నీరు లోపలికి ఎక్కుతుంది, పాటుకు మురుగు నీరు బయటికి పోతుంది. మా పొరుగున పడవ నడిపే పెద్దాయన గడియారం చూసేవాడు కాదు. తిథికి రెండు ఘడియలు జరుపుకుంటూ పోటు వేళ చెప్పేవాడు. ఘడియంటే 24 నిమిషాలు, రెండు ఘడియలు 48. పోటు రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని తర్వాత చదువుకున్నాను. అమావాస్యకు, పౌర్ణమికి పోటు బలంగా ఉంటుంది, అష్టమి నవమి రోజుల్లో మందంగా ఉంటుంది. ఎదురుమొండి దీవికి పంటు ఎక్కాలన్నా, మండ పీతలకు వెళ్ళాలన్నా ఆ లెక్కే.

పీతలంటే గుర్తొచ్చింది, మడ అడవి. పిల్లలుగా మాకు అంతకంటే ఇష్టమైన చోటు లేదు. నల్ల మడ చెట్ల చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళలా వేర్లు పైకి పొడుచుకుని ఉంటాయి, ఆ బురదలో గాలి ఉండదు కాబట్టి అవి పైకి వచ్చి ఊపిరి తీసుకుంటాయి. వాటి మధ్య కాలు ఎక్కడ వేయాలో తెలియకపోతే అరికాలు చీరుకుపోతుంది. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోతుందని పెద్దవాళ్ళు భయపెట్టేవారు, అందులో నిజం ఉంది, ఆ పాలు నిజంగానే కంటికి ప్రమాదం. ఒకసారి తెల్లారుజామున ఒక బావురుపిల్లిని చూశాను. నీటి అంచున కూర్చుని పంజాతో నీటిని మెల్లగా తట్టింది, చేప పైకి రాగానే తల ముంచి పట్టేసింది. నేను కదిలానో ఏమో, నా వైపు ఒక్క చూపు చూసి వేర్లలోకి వెళ్ళిపోయింది. ఆ చూపు ఇంకా గుర్తుంది. మీ పుస్తకంలో కష్టాలే నింపకండి. ఆయన్ని ఇలాంటివి కూడా అడగండి. ఎండాకాలం సాయంత్రం పైరగాలి తిరగగానే ఊరంతా మంచాలు బయట వేసుకునే సంగతి అడగండి, ఆయన మొహం చూడండి.

ఇప్పుడు 1977.

నవంబరు 19, శనివారం. దీపావళి వెళ్ళి వారం దాటింది. తిథి లెక్కన నవమి ప్రాంతం, పోటు మందంగా ఉండే రోజులు. వరి కోతకొచ్చి ఉంది. రేడియోలో తుఫాను అన్నారు, ఏటా అంటారు. మా పొరుగు పెద్దాయన తిథి లెక్క వేసి, ఈ రెండు రోజులు సముద్రానికి బలం లేదు అన్నాడు. ఆయన లెక్క తప్పు కాదు. అది చంద్రుడి లెక్క, ఆ రోజు వచ్చింది గాలి తోసిన నీరు.

తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందువల్ల అది వచ్చే దారికి కుడి పక్కన ఉన్న తీరం మీద గాలి సముద్రం నుంచి నేల మీదికి కొడుతుంది. దివిసీమ ఆ కుడి పక్కన పడింది. పొద్దున ఈశాన్యపు గాలి. అప్పటికి మాకు ఇళ్ళ కప్పులు పోతాయన్న భయం మాత్రమే. మధ్యాహ్నం దాటాక గాలి తూర్పుకు తిరిగింది, తర్వాత ఆగ్నేయానికి. మాకు సముద్రం ఉన్నది అటే. మా నాన్న బయటికి వెళ్ళి మురుగు కాలువ చూసొచ్చాడు. నీళ్ళు వెనక్కి పారుతున్నాయి. పాటు వేళ కాదు, పోటు వేళా కాదు, కాలువ ఊళ్ళోకి పారుతోంది. ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. చెల్లిని ఎత్తుకుని, నా చెయ్యి పట్టుకుని, వీధి చివర మెరక మీద ఉన్న పెదనాన్నగారి పెంకుటింటికి తీసుకెళ్ళాడు. వెనకాల అమ్మ.

మా ఊరు సముద్రానికి దూరం కాబట్టి మా దాకా వచ్చేసరికి నీరు ఛాతీ లోతు. పెదనాన్నగారింటికి నాలుగు మెట్లు. లోపల నీరు మోకాళ్ళ పైకి వచ్చి ఆగింది. పిల్లల్ని అటక మీద పడేశారు. రాత్రంతా పెద్దవాళ్ళు ఆ నీళ్ళలోనే నిలబడ్డారు. తెల్లారి చూస్తే మా తాటాకిల్లు ఉన్న చోట నిలువు గుంజ ఒక్కటి ఉంది.

సముద్రం దగ్గర ఊళ్ళ సంగతి నేను రాయలేను. అక్కడ ఉప్పెన అయిదు మీటర్ల ఎత్తున వచ్చింది. నేల ఎత్తు రెండు మూడు మీటర్లని పైన చెప్పాను, తీసివేత మీరే చేయండి. పోయినవాళ్ళు సర్కారు లెక్కల్లో సుమారు 10,000 మంది. మా వాళ్ళెవరూ ఆ లెక్క ఒప్పుకోరు, ఎక్కువే అంటారు. తాడిచెట్లు పట్టుకుని బతికినవాళ్ళున్నారు. ఇలాంటిది మా తీరానికి మొదటిసారి కూడా కాదు. 1864 నవంబరు 1న బందరు మీద ఇలాగే ఉప్పెన వచ్చి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. మధ్యలో నూట పదమూడేళ్ళు. ఆ జ్ఞాపకం మోసే మనుషులు మిగలకుండా పోయారు, అదే మా దురదృష్టం.

నీళ్ళు తీశాక మొదటి కష్టం తాగునీళ్ళు. చెరువులు, బావులు, చెలమలు అన్నీ ఉప్పే. చేలల్లో నీరు ఇంకాక తెల్లటి పొర పేరుకుంది, నడిస్తే కాళ్ళ కింద పొరలు విరిగేవి. మా అమ్మ ఇంట్లో మిగిలిన ధాన్యం ఎక్కడ ఉందో వెతికింది. అటక మీద పెట్టిన ఒక్క డబ్బా పొడిగా ఉంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ వస్తువూ నేల మీద పెట్టలేదు. తర్వాత డాబా కట్టుకున్నాం, షెల్టర్లు వచ్చాయి, సముద్రపు కరకట్ట ఉంది. ఆమె మాత్రం పోయేదాకా బియ్యం డబ్బా బల్ల మీదే పెట్టింది.

ఉద్యోగంలో చేరాక ఒకసారి ఆ ఊళ్ళో పని పడింది. సాయంత్రం అందరూ వెళ్ళాక మా పాత ఇంటి స్థలంలో లెవెల్ నిలబెట్టి, పెదనాన్నగారి గుమ్మం మీద స్టాఫ్ పట్టించి చూశాను. తేడా 74 సెంటీమీటర్లు. ఆ అంకె నా ఫీల్డు పుస్తకంలో ఇప్పటికీ ఉంది.

మీ తాతయ్యగారికి ఆ ఏడు 27, 28 ఏళ్ళు ఉండి ఉంటాయి. ఆయనకు పెళ్ళయిందా, పిల్లలున్నారా, ఆ రోజు ఏ ఊళ్ళో ఉన్నారు, ఇవేవీ మీరు రాయలేదు. తెలియకపోవడం వల్లనే అనుకుంటున్నాను. ఆయన్ని "ఎవరెవరు పోయారు" అని అడగకండి. ఆ ప్రశ్నకు మా తరం, మా పై తరం లేచి వెళ్ళిపోతుంది. "ఆ రోజు గాలి ఎటు నుంచి ఎటు తిరిగింది" అని అడగండి. "మీ ఇంటికి ఎన్ని మెట్లు" అని అడగండి. ఎత్తుల గురించి, వాలుల గురించి అడిగితే వాళ్ళు మాట్లాడతారు, మిగతావి వాటంతట అవే వస్తాయి.

ఒక విషయం మీ ప్రశ్నలో లేదు కానీ అడగాలి. 30 ఏళ్ళ క్రితం అంటే 1995 ప్రాంతం. ఉప్పెనకు కూడా ఊరు వదలని మనిషి, ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళకు ఎందుకు వదిలారు? ఆ రోజుల్లో తీరమంతా టైగర్ రొయ్యల చెరువులు. 1994, 95 నాటికి తెల్ల మచ్చ రోగం వచ్చి చెరువులకు చెరువులే పోయాయి, అప్పులు మిగిలాయి. చెరువులోకి ఎక్కించిన ఉప్పు నీరు గట్టు దాటి పక్క వరి చేలోకి ఊరేది. పక్కవాడు చెరువు తవ్వితే మధ్యలో ఉన్న రైతుకు ఇక వరి లేదు, తనూ తవ్వాలి లేదా అమ్ముకోవాలి. ఈ తగాదాలు పట్టుకుని కాలువ గట్టు మీద నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఎంతమందో. నా దగ్గర సమాధానం ఉండేది కాదు, అది ఇప్పటికీ బాధే. తీరపు నియంత్రణ మండలంలో ఇలాంటి చెరువులు వద్దని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేసరికి చాలామంది చేలు ఉప్పుతేలిపోయాయి. మీ తాతయ్యగారి కథలో ఇది ఉందో లేదో నేను చెప్పలేను. ఉంటే మాత్రం ఆయన మీకు "పిల్లల చదువుల కోసం వచ్చేశాం" అని చెప్పి ఉంటారు.

వీలైతే ఆయన్ని ఒకసారి తీసుకెళ్ళండి. డిసెంబరు నెలాఖరు మంచిది, తుఫాన్ల కాలం దాదాపు అయిపోతుంది, వరి కోసిన చేలల్లో మినుము రెండాకుల మీద ఉంటుంది. ముందు చేను దగ్గరికి, తర్వాత పాత ఇంటి స్థలానికి, సముద్రం ఆఖరున. చేను ఇప్పుడు వేరేవాళ్ళదైనా పర్వాలేదు, అడిగితే ఎవరూ కాదనరు. మీరు రికార్డర్, నోట్‌బుక్ కారులో వదిలేయండి. గట్టు మీద ఆయన చెప్పులు విప్పితే మీరూ విప్పండి, ఆయన కాలు వేసిన చోటే కాలు వేస్తూ వెనకాల నడవండి. ఆయన ఎక్కడ ఆగి మడమతో నేలను నొక్కుతారో ఆ చోటు గుర్తుపెట్టుకుని, అక్కడ ఏం పండేదో అడగండి.